మూడు మరియమ్మలు

అరండల్‌పేటలో రెండో అంతస్తు.
ఏసీ ఉంది, చల్లదనం లేదు.
పద్దెనిమిది లాప్‌టాప్‌లకు ఒక్కటే ఎక్స్‌టెన్షన్ బాక్సు,
ప్లగ్గు కోసం ప్రొఫెసర్లు కూడా వరసలో నిలబడ్డారు.

నా సంచీ విప్పగానే
నేర్పడానికొచ్చిన నాగుల్ మీరా తుమ్మాడు.
మూడు వందల పన్నెండు సర్వే కాగితాలు.
మిర్చి యార్డులో తొడిమలు తీసే ఆడవాళ్ళ పక్కన
గోతం పరుచుకు కూర్చుని
రెండు ఎండాకాలాలు నింపినవి.
ఏది దులిపినా ఓ గింజ రాలుతుంది.
"ఇంత ఘాటు డేటా ఎప్పుడూ చూళ్ళేదు మేడం"
కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు.

మొదటి రోజంతా బ్రాకెట్లతోనే సరి.
తెరిచినదాన్ని మూయాలి, అంతే,
అదే చేతకాదు ఎవరికీ.
వినుకొండ నుంచి వచ్చిన పిచ్చయ్య మాస్టారు
ముప్పయ్యేళ్ళు రాజనీతి చెప్పిన మనిషి
ఒంటి వేలితో కామా వెతుకుతున్నారు,
బియ్యంలో రాయి వెతికినట్టు.
తెర మీద ఎర్ర అక్షరాలు.
"నన్నే తిడుతోందా అబ్బాయ్?"
"తిట్టడం కాదు సార్, ఎక్కడ ఆగిపోయిందో చెప్తోంది."
ఆయన కాసేపు ఊరుకుని
"ఇన్నేళ్ళు పేపర్లు దిద్దాను,
ఒక్కడికీ అలా చెప్పలేదు" అన్నారు.

అప్పుడే కరెంటు పోయింది.
చీకట్లో ఎవరో: "సేవ్ చేశారా?"
ఎవరూ పలకలేదు.

రెండో రోజు పేర్ల పని.
మరియమ్మ. మేరియమ్మ. మర్యమ్మ.
ఒకటి నిలబడి రాసింది, ఒకటి లారీ నీడన,
ఒకటి అన్నం గిన్నె మూత మీద కాగితం పెట్టి.
యంత్రానికి ముగ్గురు మనుషులు.
"పేటా ఒకటే, వయసూ దగ్గర దగ్గరే,
ఒక్కరే అయ్యుంటారు, కలిపేద్దాం" అన్నాడు మీరా.
ఒక్క వరస టైపు చేశాను.
మూడు వందల పన్నెండు
మూడు వందల పది అయింది.
చప్పుడు లేదు. కనీసం తుమ్మయినా లేదు.

సగటు కూలి వచ్చింది, చుక్క తర్వాత రెండంకెలతో.
గ్రాఫుకు పండుమిరప రంగు నేనే ఎంచాను.
నెలల తరబడి కాలిక్యులేటర్‌తో కుస్తీ పట్టింది
కంటిరెప్ప పడే లోపు అయిపోయింది.
మాస్టారు ఫోటో తీసుకున్నారు.
నాకూ గర్వమే, అబద్ధమెందుకు.

రాత్రి బ్రాడీపేట హాస్టల్లో
అన్నం కలుపుతుంటే
వేలి గాటుకు పచ్చడి తగిలి చుర్రుమంది.
ఒక మరియమ్మ
బొటనవేలికి పాత సాక్సు ముక్క చుట్టుకునేది.
ఇంకొకామె
"చుట్టుకుంటే చెయ్యి సాగదమ్మా, కిలోల లెక్క కదా" అంటూ
ఉత్త వేళ్ళతోనే.
మూడో ముఖం గుర్తు రాలేదు.
సాక్సు ముక్కకు నా పట్టికలో గడి లేదు.

తెల్లారి క్లాసుకు ముందే యార్డుకి పోయాను.
ఆటో దిగకముందే దగ్గు.
ఎర్ర గుట్టల మధ్య నిలబడి
"మరియమ్మా" అని పిలిచాను.

నలుగురు తలెత్తారు.

"ఏ మరియమ్మ? సాక్సు మరియమ్మా?
చర్చి గేటు మరియమ్మా? నవ్వుల మరియమ్మా?"
తూకాల దగ్గరి కుర్రాడు గడగడా అప్పజెప్పాడు.
వాడి దగ్గర లాప్‌టాప్ లేదు.
నాలుగో ఆమె గోతం సర్దుకుంటూ
"నన్ను నువ్వు అడగనే లేదుగా,
రెండేళ్ళూ ఈ పక్కనే ఉన్నా" అంది.
మూడు వందల పదమూడో కాగితం
ఆమె భుజం మీద ఆనించి మొదలుపెట్టాను.

క్లాసుకు గంట ఆలస్యం.
నిన్నటి వరసను చెరపలేదు,
దాని ముందు హ్యాష్ గుర్తు పెట్టి పడుకోబెట్టాను.
పక్కన తెలుగులో రాశాను:
ఇక్కడ ఇద్దరు తప్పిపోయారు, తప్పు నాది.

"ఆ గుర్తు తర్వాతది యంత్రం చదవదు మేడం" అన్నాడు మీరా,
"అది తర్వాత వచ్చే మనిషికి."

మళ్ళీ నడిపిద్దామంటే
ఎంటర్ కింద గింజ ఒకటి ఇరుక్కుంది.
గట్టిగా నొక్కితే తప్ప
దిగడం లేదు.